పందెపు బాట చెప్పిన సాక్ష్యము

విద్యుచ్ఛక్తితో నడచు మోటారు వాహనములను గూర్చి మన పట్టణములలోని పఠన మందిరములందు జరుగుచున్న వాదమును వినువారికి ఒక వింత తోచక మానదు. ఇరుపక్షములవారును పందెపు బాటనే సాక్షిగా పిలుచుచున్నారు. కొండ యెక్కు పందెమున విద్యుద్రథము పెట్రోలు రథమును ఓడించినది కావున పెట్రోలు యుగము ముగిసినదని ఒకరందురు. మోటారు సైకిళ్ళ ప్రపంచ పోటీలలో విద్యుద్విభాగమునే నిలిపివేసిరి గదా, ఇది ఆటవస్తువేగాని బండి కాదని తేలిపోయినదని రెండవవారు బదులు చెప్పుదురు. సాక్షి యొక్కడే, వాఙ్మూలములు రెండు! న్యాయస్థానములలో ఇట్టి సందర్భము తటస్థించినపుడు చేయదగిన పని యొకటే. తమకు వలసిన ముక్కను మాత్రము త్రుంచి తెచ్చుకొనిన వకీళ్ళను కూర్చుండబెట్టి, సాక్షిని మొదటినుండి తుదివఱకు పలుకనీయవలెను. అట్లు పూర్తిగా విన్నచో ఇరువురి వాదమును నిలువదు. అంతేకాదు, మన తెలుగునాట అధికారమున నున్నవారును, వాహనములు చేసి యమ్మువారును తలవంచుకొనవలసిన సంగతి యొకటి ఆ సాక్ష్యమునుండియే బయటపడును.

మొదట చరిత్ర. విద్యుద్వాహనము నిన్న మొన్న పుట్టిన పసికూన యని తలచుట పొరపాటు. మోటారు బండ్ల వేగమును కొలిచి నమోదు చేయుట యారంభమైనదే విద్యుద్వాహనముతో. 1898 డిసెంబరులో ఫ్రాన్సు దేశమున గాస్టన్ ద షాస్లూ-లోబా గంటకు 63 కిలోమీటర్ల వేగమున నడపినది విద్యుచ్ఛకటమే. 1899లో కమీల్ జెనాట్సీ అను బెల్జియం దేశీయుడు పారిస్ చెంతనున్న అషేర్ వద్ద తుపాకిగుండు ఆకారము గల విద్యుద్రథమునెక్కి గంటకు 105 కిలోమీటర్లు దాటెను. బాటపై నడచు మోటారు బండి గంటకు 100 కిలోమీటర్ల హద్దును మీఱుట అదియే మొదలు. పిమ్మట పెట్రోలు దానిని వెనుకకు నెట్టినది. మోటారునందు లోపముండియా? కాదు. ఒక డబ్బా పెట్రోలులో ఇమిడియుండు శక్తిని నిలువచేయుటకు ఆనాటి సీసపు బ్యాటరీ బండెడు బరువు కావలసివచ్చినందువలన. నూటయిరువదియైదు సంవత్సరములు గడచినవి. సీసము పోయి లిథియము వచ్చినది గాని, వ్యాజ్యములోని ముఖ్యాంశము నేటికిని అదియే.

ఇక విద్యుత్పక్షమువారి సాక్ష్యమును విందము. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున పైక్స్ పీక్ అను పర్వతము కలదు. అచట జరుగు పందెము సముద్రమట్టమునకు 2,862 మీటర్ల యెత్తున మొదలై, 156 మలుపులు తిరిగి, ఇంచుమించు 20 కిలోమీటర్లు నడచి, 4,302 మీటర్ల శిఖరమున ముగియును. 2013లో సెబాస్టియన్ లోబ్ పెట్రోలు బండిలో 8 నిమిషముల 13 సెకనులలో ఈ కొండ యెక్కి అందఱను ఆశ్చర్యపఱచెను. 2018లో రొమెయిన్ ద్యూమా ఫోక్స్‌వాగన్ వారి విద్యుద్రథమున 7 నిమిషముల 57 సెకనులలో ఎక్కెను. లోబ్ నడపిన బండి బరువు 875 కిలోలు, బలము 875 హార్సుపవరు. ద్యూమా నడపిన బండి 1,100 కిలోలకు కొంచెము తక్కువ, బలము 680 హార్సుపవరు. బరువెక్కువ, బలము తక్కువ, అయినను 16 సెకనులు ముందు! మోటారు సైకిళ్ళలో ఈ అద్భుతము అంతకు ముందే జరిగినది. 2013లో కార్లిన్ డన్ లైట్నింగ్ అను విద్యుత్ మోటారు సైకిలుపై ఆ కొండయెక్కి, పెట్రోలు బండ్ల నన్నిటిని వెనుకవేసి, రెండవ వానికన్న 20 సెకనులు ముందుగా శిఖరము చేరెను.

ఇందలి రహస్యము గాలిలో నున్నది. పెట్రోలు మండుటకు గాలి కావలెను. ఆ శిఖరమున గాలి సాంద్రత సముద్రతీరమునందలి దానికన్న మూడవవంతునకు పైగా తగ్గును. ఊపిరాడని యంత్రమునకు గాలిని దట్టించి యందించు సాధనములు కలవుగాని అవి లోటును పూర్తిగా తీర్పలేవు. విద్యున్మోటారునకో, గాలితో పనిలేదు. దిగువ నెంత బలమో ఎగువను అంత బలమే. పైగా అది గేరులకై వేచియుండదు. తొక్కిన మఱుక్షణమున తన బలమంతయు చక్రమున కిచ్చును. మలుపు వెంట మలుపు వచ్చు బాటలో ఈ గుణమునకు సాటి లేదు. కావున విద్యున్మోటారునకు బలము చాలదను మాట ఇకమీదట ఎవ్వరును నోరెత్తి పలుకరాదు. ఆ యంశము తేలిపోయినది.

కాని, విద్యుత్పక్షపు వకీళ్ళారా, మీ సాక్షి పలికినది ఎనిమిది నిమిషముల కథ! ఎనిమిది నిమిషముల తరువాత నేమి జరుగునో ఆతనిని అడుగకుండ ఏల బోనునుండి దింపివేసితిరి?

ఇంగ్లండునకును ఐర్లండునకును నడుమనున్న మాన్ ద్వీపమున ప్రతి సంవత్సరము మోటారు సైకిళ్ళ పందెములు జరుగును. ఒక చుట్టు 60 కిలోమీటర్లకు పైబడిన కొండదారి. 2009లో అచట తొలిసారి విద్యుత్ మోటారు సైకిళ్ళకు పందెము పెట్టిరి. గెలిచిన జట్టు పేరు అగ్ని, దాని మోటార్లు భారతదేశపు సంస్థవి. ఈ సంగతి మనలో నెందఱకు తెలియును? నాటి సగటు వేగము గంటకు 87 మైళ్ళు. 2019లో మైకేల్ రట్టర్ జపానుదేశపు ముగెన్ బండిపై సగటున 121.9 మైళ్ళ వేగము చూపెను. పదేండ్లలో ముప్పదినాలుగు మైళ్ళు పెంచుట అల్పమైన పని కాదు. కాని పీటర్ హిక్మన్ 2018లో పెట్రోలు బండిపై 135.4 మైళ్ళ సగటున ఆ చుట్టును ముగించియుండెను. అంతకన్న ముఖ్యమైన సంగతి వేఱొకటి కలదు. పెట్రోలు బండ్ల పెద్దపందెము నడుమ నడుమ పెట్రోలు నింపుకొనుచు ఆఱు చుట్లు తిరుగును. విద్యుత్ బండ్ల పందెమునకు ఒకటే చుట్టు. రెండవ చుట్టు నియమించుటకు ఎవ్వరును సాహసింపలేదు. 2019 తరువాత ఆ పందెమే జరుగలేదు.

మోటారు సైకిళ్ళ ప్రపంచ పోటీలతో జతగా 2019లో మోటో-ఇ అను విద్యుద్విభాగమును నెలకొల్పిరి. 2023 నుండి దానికి డుకాటీ వారు బండ్లు చేసి యిచ్చిరి. బండి బరువు 225 కిలోలు, అందు బ్యాటరీయే 110 కిలోలు. పెట్రోలు విభాగమున బండికి నియమించిన కనీసపు బరువు 157 కిలోలు. డుకాటీ వారి విద్యుత్ బండి ముజెల్లోలో గంటకు 275 కిలోమీటర్లు అందుకొనగా, అదే బాటపై 2023లో పెట్రోలు బండి 366 అందుకొనెను. పెట్రోలువారి పందెము ముప్పావుగంట సాగగా, వీరిది ఏడెనిమిది చుట్లతోనే ముగియును. 2025 సెప్టెంబరులో పోటీ నిర్వాహకులు, ప్రేక్షకుల ఆదరణ అనుకొనినంత కలుగలేదనియు, ఇట్టి బండ్ల విపణి ఇంకను వృద్ధి చెందలేదనియు చెప్పి, ఆ సంవత్సరముతో ఈ విభాగమును నిలిపివేయుచున్నట్లు ప్రకటించిరి.

ఏల యిట్లయ్యెను? మన యింటికి వచ్చు కరెంటు బిల్లు లెక్కతోనే చూతము. ఆ డుకాటీ బ్యాటరీలో పట్టునది 18 యూనిట్లు. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి కలదు. అనగా 110 కిలోల బ్యాటరీలో నున్నది రెండు లీటర్ల పెట్రోలుతో సమానము! పెద్దపందెపు పెట్రోలు బండి మోసికొనిపోవునది 22 లీటర్లు, ఇంచుమించు 200 యూనిట్లు. పెట్రోలు యంత్రము తనకిచ్చిన దానిలో మూడవవంతుకన్న హెచ్చుగా పనికి మార్పలేదు, తక్కినదంతయు వేడియై పోవును. విద్యున్మోటారు పదింట తొమ్మిదిపాళ్ళకు పైగా పనికి మార్చును. ఈ దుబారానంతయు తీసివేసినను పెట్రోలు బండికి నాలుగింతలు మిగులును. తూము ఎంత వెడల్పైనను చెఱువు చిన్నదైనచో పొలము తడియునా? విద్యుద్వాహనపు తూము బహు గొప్పది, చెఱువు మాత్రము చాల చిన్నది. పందెపు బాట చెప్పిన సాక్ష్యమునకు సారాంశ మిదియే.

అయితే చెఱువు చిన్నదని రైతు సేద్యము మానుకొనునా? గట్టు పెంచును, పూడిక తీయును, పాఱిపోవు నీటిని మరల మళ్ళించుకొనును. ఫార్ములా-ఇ అను విద్యుత్ కార్ల పోటీ చరిత్ర అచ్చముగ నట్టిదే. 2014 సెప్టెంబరులో బీజింగు నగరమున అది మొదలైనపుడు ఒక బ్యాటరీ పందెము తుదివఱకు చాలకుండెను. నడుపువాడు సగములో ఒక కారునుండి దిగి పరుగున పోయి రెండవ కారు నెక్కవలసియుండెను. చూచినవారు నవ్విరి. నాలుగు పోటీ సంవత్సరములు ఆ నవ్వును భరించి, ఐదవ సంవత్సరమున రెట్టింపు బ్యాటరీతో ఒక్క కారుననే పందెము ముగించిరి. 2023లో వచ్చిన మూడవ తరము కారు మఱియు చిత్రమైనది. దాని బ్యాటరీనుండి వాడుకొనదగినది 38.5 యూనిట్లు మాత్రమే, రెండవ తరము దానికన్న తక్కువ! ఆ లోటు తీరుట యెట్లు? బ్రేకు వేసినపుడు వేడియై పోవలసిన శక్తిని మోటార్లే జనకయంత్రములుగ మాఱి పట్టి మరల బ్యాటరీకి చేర్చును. పందెమున వాడు శక్తిలో సుమారు నూటికి 40 పాళ్ళు ఇట్లు తిరిగివచ్చినదే. 2025 ఫిబ్రవరిలో జెద్దాలో, పందెము నడుమ 30 సెకనులు ఆగి బ్యాటరీలో పదవవంతు నింపుకొను పద్ధతియు ప్రవేశపెట్టిరి.

తప్పులు జరుగలేదా? జరిగినవి. 2021 ఏప్రిలులో స్పెయిన్‌లోని వలెన్సియాలో పలుమాఱులు రక్షకవాహనము బాటపైకి రాగా, నియమము ననుసరించి కార్లు వాడుకొనదగిన శక్తిని నిర్వాహకులు తగ్గించిరి. లెక్క తప్పి చివరి చుట్టులో అనేకములైన కార్లు శక్తి చాలక చతికిలబడెను. లోకమంతయు చూచుచుండగా జరిగిన పరాభవమది. కాని లోకమంతయు చూచుటవలననే దానిని కప్పిపుచ్చుట కెవ్వరికిని వీలులేకపోయెను. పందెపు బాట చేయు పరమోపకార మిదియే. అది అబద్ధమాడనీయదు. విక్రయశాలలోని చిత్రపటము బండి యెన్ని కిలోమీటర్లు పోవునో తన యిష్టము వచ్చినట్లు చెప్పగలదు గాని, బాట చెప్పనీయదు.

మఱి వేడి సంగతి. ప్రవహించు విద్యుత్తు రెట్టింపైనచో సెల్లులో పుట్టు వేడి నాలుగింతలగును. పందెపు వేగమున బ్యాటరీనుండి శక్తిని గుంజినపుడు అది కాగిపోవును. మితిమీఱినచో బండి తనంతట తానే బలము తగ్గించుకొనును. అట్లు తగ్గించుకొను కట్టుబాటు లేనిచో సెల్లు మండును. ఒక సెల్లు మండినచో దాని వేడికి ప్రక్క సెల్లు, దాని వేడికి వేఱొకటి, నీళ్ళు చల్లినను ఆఱని అగ్ని! 2019 మార్చిలో, మోటో-ఇ తొలి పందెమునకు ముందే, స్పెయిన్‌లోని హెరెత్‌లో బండ్లను పరీక్షించుచుండగా రాత్రివేళ నిప్పు పుట్టి, పోటీకై చేసిన మోటారు సైకిళ్ళన్నియు బూడిదయ్యెను. మనుష్యులకు హాని కలుగలేదు. బండ్లు మరల చేసిరి. మేలో మొదలు కావలసిన పోటీని జులైలో జర్మనీలో మొదలుపెట్టిరి.

ఇక మన వైపు తిరిగి చూతము. 2022 ఏప్రిలులో నిజామాబాదులో ఇంటిలో ఛార్జింగునకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ ప్రేలి ఎనుబదేండ్ల వృద్ధుడు మరణించెను. ఆ నెలలోనే విజయవాడలో అట్లే బ్యాటరీ ప్రేలి ఒక గృహస్థుడు ప్రాణములు కోల్పోయెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో సికిందరాబాదులో విద్యుత్ స్కూటర్ల అంగడి యున్న భవనమున నిప్పంటుకొని, పై యంతస్తులలోని లాడ్జిలో దిగిన 8 మంది పొగలో ఊపిరాడక చనిపోయిరి. ఇన్ని ప్రాణములు పోయిన పిమ్మట, 2022 డిసెంబరు నుండి ఒక విడతయు, 2023 మార్చి ముగియుసరికి రెండవ విడతయు, బ్యాటరీల భద్రతా నియమములను కేంద్ర ప్రభుత్వము కఠినము చేసెను.

చదువరులారా, ఈ రెండు దృశ్యములను ప్రక్క ప్రక్కన నిలిపి చూడుడు. హెరెత్‌లో కాలినవి పరీక్షకై తెచ్చిన బండ్లు. మన యూళ్ళలో కాలినది నిద్రించుచున్న గృహస్థుని పడకగది. వారు పాఠమును బాటపై నేర్చికొనిరి. మనకు ఆ పాఠము శ్మశానమున చెప్పిరి. వేడికి సెల్లు నిలుచునా నిలువదా యను ప్రశ్న ఎచటనో ఒకచోట అడుగబడక తప్పదు. ఎండకాలమున విజయవాడలో ఆటో నడుపువాని సీటు క్రిందనా, లేక అగ్నిమాపక యంత్రములును, ఇంజనీర్లును సిద్ధముగ నుండు పరీక్షా స్థలమునందా? అడుగవలసినచోట అడుగకపోవుటయే మన పాలకులపైనను, మన వ్యాపారులపైనను మేము మోపు అభియోగము.

“మన హైదరాబాదులోనే ప్రపంచ పందెము జరిగెను గదా!” యని ఎవరైన ననవచ్చును. జరిగెను. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేను సాగరు ఒడ్డున 2.8 కిలోమీటర్ల బాటపై ఫార్ములా-ఇ పందెము జరిగెను. ఫ్రెంచివాడైన ఝా-ఎరిక్ వెర్న్ వెన్నంటి వచ్చిన నిక్ కాసిడీని అడ్డుకొనుచు, శక్తిని పొదుపు చేసికొనుచు గెలిచెను. జనులు విరగబడి చూచిరి. పిమ్మట గోడలు విప్పిరి, తెరలు దింపిరి, వచ్చినవారు తమ పెట్టెలు కట్టుకొని తరలిపోయిరి. మన కేమి మిగిలినది? 2023 డిసెంబరులో ప్రభుత్వము మాఱెను. 2024 ఫిబ్రవరిలో జరుగవలసిన రెండవ పందెము రద్దయ్యెను. సొమ్ము చెల్లింపులను గూర్చి 2024 డిసెంబరులో కేసు నమోదయ్యెను. అది న్యాయస్థానములు తేల్చవలసిన విషయము గనుక దానిపై మేము ఒక్క మాటయు వ్రాయము. మేము చెప్పునది వేఱు. పందెమును తెచ్చినవారు దానిని తిరునాళ్ళగ చూచిరి. త్రోసివేసినవారు దండుగగ చూచిరి. పాఠశాలగ చూచినవా డొక్కడును లేకపోయెను. ఆ ముప్పావుగంటలో ఏ బ్యాటరీ ఎంత కాగినది, మన యెండలో ఎంత శక్తి తగ్గినది, మన కళాశాలల విద్యార్థులలో ఎందఱు ఆ కొట్టములలో నిలిచి చూడగలిగిరి? ఈ ప్రశ్న తెచ్చినవారును వేయలేదు, త్రోసినవారును వేయలేదు.

భారతీయులు ఈ పోటీలలో లేరనలేము. మహీంద్రావారి జట్టు 2014 నాటి మొదటి పందెమునుండియు నున్నది. టాటావారి యాజమాన్యమున నున్న జాగ్వార్ జట్టు 2024లో జట్ల విజేతయయ్యెను. సంతోషమే. కాని ఆ రెండు జట్ల కార్యశాలలును ఇంగ్లండులో నున్నవి. సొమ్ము మనది, పేరు మనది, సుత్తి పట్టి నేర్చుకొను చేయి మాత్రము మనది కాదు. ఇట్టి ఘనతను చూచి మురియుట పెరటిలోని చెట్టునకు నీరు పోయక పొరుగువాని కాయలు లెక్కించుట వంటిది.

ఒక యాక్షేపణ మిగిలినది. “కూడు లేని దేశమునకు కార్ల పందెములేల? ఇది ధనికుల వేడుక” యని పెద్దలు కొందఱందురు. వారి హృదయము మంచిదేగాని లెక్క సరికాదు. విద్యుత్ స్కూటరును, విద్యుత్ ఆటోను ధనికుడు కొనుచున్నాడా? పాలవాడు, కూరలవాడు, ఇంటింటికి సరకు చేరవేయు కుఱ్ఱవాడు కొనుచున్నాడు. వాని అప్పులో పెద్దపాలు బ్యాటరీ వెలయే. అది వేడికి మూడేండ్లలో నీరసించినచో మునుగునది వాని సంసారము. పందెపు బాటపై ఒక్క గంటలో సెల్లు పడు బాధను వీథిలో అది నెలల తరబడి పడును. అచట నిలిచినది ఇచట తప్పక నిలుచునని చెప్పలేము గాని, అచట తెలిసిన లోపమును ఇచట ముందుగనే మాన్పవచ్చును. పరీక్ష ధనికుల వేడుక కాదు, బీదవాని రక్షణ.

కావున మేము కోరునవి నాలుగు. ఒకటి, రెండు తెలుగు రాష్ట్రములును కలిసియో విడివిడిగానో, మే నెల యెండలో స్కూటర్లను, ఆటోలను, కార్లను ఆపక నడపి పరీక్షించుటకు శాశ్వతమైన బాట యొకటి నిర్మింపవలెను. మధ్యప్రదేశములోని పీతంపూరున 11 కిలోమీటర్ల పరీక్షా బాట 2021లో ప్రారంభమైనది. మన కేల యుండరాదు? రెండు, అచట తేలిన ఫలితములు, విశేషించి వైఫల్యములు, కొనువానికి తెలియునట్లు ప్రకటింపవలెను. బ్యాటరీ ప్రేలిన ప్రతి ఘటనపైనను విచారణ నివేదిక బహిరంగము కావలెను. మూడు, ఇంజనీరింగు కళాశాలలు తమ విద్యార్థులచేత పందెపు బండ్లు చేయించి పోటీకి పంపవలెను. కోయంబత్తూరు చెంత కరి మోటార్ స్పీడ్‌వేలో జరుగు ఫార్ములా భారత్ పోటీలో విద్యుద్విభాగము కలదు. చేయి కాలనిదే వేడి తెలియదు. నాలుగు, సెల్లు ఇచట పుట్టవలెను. మనము వాడు లిథియము సెల్లులలో అత్యధికభాగము విదేశములనుండి, ముఖ్యముగ చైనానుండి వచ్చుచున్నది. మహబూబునగరు చెంత దివిటిపల్లిలో అమరరాజావారు సెల్లుల కర్మాగారమునకు 2023 మేలో శంకుస్థాపన చేసిరి. ఇట్టివి వర్ధిల్లవలెను. కాని పరీక్షాబాట లేని కర్మాగారము గురువు లేని శిష్యుని వంటిదని వారును, పాలకులును గుర్తింపవలెను.

విద్యుద్వాహనము ఓడినదని పలుకువారితో మే మేకీభవింపము, గెలిచినదని చాటువారితోను ఏకీభవింపము. దాని వ్యాజ్యము ఇంకను నడచుచునే యున్నది, దానిని తేల్చువాడు మంచి సెల్లు చేసినవాడు. ఆ తీర్పు వెలువడునాడు మన మెచట నుందుమన్నదే ప్రశ్న. గోడవతల నిలిచి చప్పట్లు కొట్టువారిలో నుందుమా, కొట్టములో మసి చేతులతో సెల్లు విప్పి చూచువారిలో నుందుమా? నిజామాబాదులోను, విజయవాడలోను, సికిందరాబాదులోను పోయిన ప్రాణములు మనలను ఈ ప్రశ్న అడుగుచున్నవి. బదులు మాటలతో చెప్పునది కాదు. బాట వేసి చెప్పవలెను.